ఎనిమోన్ కుదురుకోవడానికి 60 రూపాయల చిల్లుల బుట్టా, 1,900 రూపాయల అక్రిలిక్ డబ్బానా?

ముందే తేల్చి చెప్పేస్తాను. కొత్తగా తెచ్చిన బబుల్ టిప్ ఎనిమోన్ (రాళ్ళకి అతుక్కుని బతికే, పువ్వులాంటి సముద్రపు జీవి) ఎక్కడా పట్టు దొరక్క ట్యాంకంతా దొర్లుతూ ఉంటే, ఆ టెన్షన్‌లో ఆన్‌లైన్‌లో కనిపించిన ‘ఎనిమోన్ బాక్స్’ ఆర్డర్ పెట్టకండి. బజారుకెళ్ళి కూరగాయలు కడుక్కునే ప్లాస్టిక్ చిల్లుల బుట్ట ఒకటి తెచ్చుకోండి. రెండూ మా ట్యాంకులో వాడి చూశాను. బుట్టకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, డబ్బాకి రెండు. వీటితోపాటు కొన్న వేవ్‌మేకర్ (ట్యాంకు నీళ్ళలో కెరటం పుట్టించే పంపు) జాలీకి మాత్రం ఐదుకి ఐదు. ఎందుకో కింద చెప్తాను.

మాది విశాఖపట్నం. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. నిడేరియా పాఠం వచ్చిన ప్రతి ఏడాదీ ‘సీ ఎనిమోన్ ఒకచోట అతుక్కుని బతికే జీవి’ అని బోర్డు మీద రాస్తాను. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో మార్కు పడుతుంది. ఆ పాఠం ఎనిమోన్ చదవలేదు కదా! దానికి నచ్చిన చోటు దొరికేదాకా అది నడుస్తుంది, పాకుతుంది, అసలు పట్టు వదిలేసి నీళ్ళలో తేలిపోతుంది కూడా. సముద్రంలో అయితే ఎక్కడికో అక్కడికి చేరుతుంది. ట్యాంకులో మాత్రం కెరటం ఎటు తోస్తే అటు కొట్టుకుపోయి చివరికి వెళ్ళేది వేవ్‌మేకర్ రెక్కల దగ్గరికే.

మా హాల్లో నాలుగడుగుల ట్యాంకు, 300 లీటర్ల పైచిలుకు. అందులో ఓసెల్లారిస్ క్లౌన్ ఫిష్ జంట ఒకటి. సముద్రంలో ఈ చేపలు బబుల్ టిప్‌లో కాపురం ఉండవు, వాటికి నచ్చే ఎనిమోన్లు వేరే ఉన్నాయి. కానీ ఆ పెద్ద జాతులు ఇంట్లో బతకడం కష్టం. బబుల్ టిప్ కాస్త గట్టి పిండం. ఓసెల్లారిస్ కూడా ట్యాంకులో దానితో సర్దుకుపోతుంది, అందుకే అందరూ దీన్నే కొంటారు. “సముద్రం పక్కనే పెట్టుకుని ఉప్పు ప్యాకెట్లు కొనడమేమిటే” అని మా అత్తయ్యగారు ఇప్పటికీ అంటూనే ఉంటారు. వానలు ముదిరాక నదుల నీరంతా వచ్చి బంగాళాఖాతంలో కలుస్తుంది, తీరం దగ్గర ఉప్పదనం బాగా పడిపోతుంది. పైగా పక్కనే హార్బరు. కాబట్టి ఆర్‌ఓ నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల రీఫ్ సాల్ట్ (అక్వేరియాల కోసం అమ్మే సముద్రపు ఉప్పు) కలిపి, ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటర్ మీద సాంద్రత 1.025 చూసుకుని పోస్తాను.

ఎనిమోన్ కొన్న కొట్టు గురించి రెండు ముక్కలు. అక్కడి కుర్రాడు దాన్ని కప్పులోకి తీసి పైకెత్తి అడుగు భాగం చూపించాడు. నేను చూడాలనుకున్నదీ అదే. కొట్టు ట్యాంకు గోడ మీంచి ఊడదీసేటప్పుడు పాదం చిరిగితే ఆ గాయం కుళ్ళు పట్టి ఇంటికొచ్చాక చచ్చిపోతుంది, మనమేమో నీళ్ళ లోపం అనుకుంటాం. దీని పాదానికి గీత కూడా లేదు. నోరు బిగించుకుని ఉంది. స్పర్శకాలు గ్లౌజు వేలికి టక్కున అతుక్కున్నాయి. రంగు గోధుమ ఛాయలో నిండుగా ఉంది. అంటే ఒంట్లో ఉండి దానికి తిండి తయారుచేసి పెట్టే సూక్ష్మ శైవలాలు ఉన్నట్టు. పాలిపోయి తెల్లగా మెరిసిపోయేదాన్ని ‘వైట్ ఎనిమోన్, రేర్ పీస్’ అని అమ్మేవాళ్ళున్నారు. అది రేర్ కాదు, రోగం. “రెండ్రోజుల్లో సెట్ అయిపోద్ది మేడమ్” అన్నాడు కుర్రాడు.

సెట్ అవలేదు. చుక్క చుక్కగా మా నీళ్ళు అలవాటు చేసి, పంపులన్నీ ఆపి, రాయి మీద కూర్చోబెట్టాను. పంపులు వేయగానే దొర్లింది. మళ్ళీ పెడితే మళ్ళీ దొర్లింది. ఒకసారి ఇసకలో తలకిందులుగా, ఇంకోసారి స్కిమ్మర్‌కి (నీళ్ళలో మురికిని నురగతో తీసే పరికరం) నీళ్ళు వెళ్ళే మూల. మా ఇంట్లో పనిచేసే ఆవిడ చూసి “ఏటమ్మా ఇది, పువ్వా పురుగా?” అంది. పువ్వులా విచ్చుకుంటే పువ్వే అందామనుకున్నాను, కానీ అప్పటికది తడి పీలికలా ముడుచుకుపోయి ఉంది.

ఆ రాత్రి ఆర్డర్ పెట్టిందే అక్రిలిక్ డబ్బా. అమ్మిన వాళ్ళ పేరు అనవసరం, ఇలాంటివి ఇంకా చాలామంది అమ్ముతున్నారు. పారదర్శకమైన డబ్బా, నాలుగు పక్కలా సన్నటి గాట్లు, వెనక రెండు అయస్కాంతాలు, పైన జారుడు మూత. చూడ్డానికి ముచ్చటగా ఉంది, ప్యాకింగ్ బాగుంది, గాజుకి గట్టిగా పట్టుకుంది. అందుకే ఆ రెండు మార్కులు.

లోపల ఎనిమోన్‌ని పెట్టాక అసలు సంగతి తెలిసింది. గాట్లు సన్నం, పైగా కొన్నే. నీళ్ళు లోపలికి సరిగ్గా ఆడవు. కుదురుకోని ఎనిమోన్ ఒంటినిండా జిగురు వదులుతుంది, అది గాట్లకి పట్టేసి ఉన్న కాస్త దారీ మూసేసింది. ట్యాంకు మధ్యలో నీళ్ళు తళతళలాడుతుంటే డబ్బా లోపల కలక. రెండోది, డబ్బా నిండా వెలుతురే. పాదం చీకటి వెతుక్కుంటుంది, స్పర్శకాలు వెలుతురు వెతుక్కుంటాయి. ఈ రెండూ ఒకేచోట దొరికితేనే బబుల్ టిప్ ఆగుతుంది. అన్ని వైపులా నున్నటి అక్రిలిక్ ఉన్నచోట దానికి ఎక్కడా దాక్కునే వీలు లేదు. చివరికి ఒక మూలని పట్టుకుంది, అదీ గోడనే. గోడకి పట్టుకున్నదాన్ని రాయి మీదకి మార్చాలంటే మళ్ళీ పాదం ఊడదీయాలి, అంటే మొదటికొచ్చినట్టే. డబ్బా కొన్న ప్రయోజనం ఏమిటి?

అమ్మినవాళ్ళకి మెసేజ్ పెడితే “నేచురల్ బిహేవియర్ మేడమ్, ఓపిక పట్టండి” అని జవాబొచ్చింది. ఓపిక పట్టాను, ఈలోపు ఒక అయస్కాంతం పూత చిట్లి తుప్పు మరక కనిపించింది. వెన్నెముక లేని జీవులున్న ఉప్పునీళ్ళలోకి లోహం దిగడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. డబ్బా తీసేశాను. పాదం వదిలించడానికి ఆ చోట అక్రిలిక్ బయటి వైపు నుంచి ఐసుముక్క ఆనించి, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో నెమ్మదిగా జరిపితే వదిలింది. గోరుతో గాని, చాకుతో గాని గీకొద్దు.

ఇలాంటప్పుడు నాకు ‘గ్రానీ’ గుర్తొస్తుంది. 1828లో సర్ జాన్ డాలియెల్ అనే స్కాట్లాండ్ పెద్దమనిషి సముద్రపు ఒడ్డున ఒక ఎనిమోన్‌ని ఏరి తెచ్చుకున్నాడు. అది ఎడిన్‌బరోలో గాజు జాడీలోనే బతికింది. 1851లో ఆయన పోయాక కూడా చేతులు మారుతూ 1887 దాకా ఉంది. వేవ్‌మేకర్ లేదు, ఎల్‌ఈడీ లేదు, అయస్కాంతాల డబ్బా అసలే లేదు. అది చల్లటి సముద్రపు జాతి, ఒంట్లో శైవలాలు పెంచుకునేది కాదు, కాబట్టి మన బబుల్ టిప్‌తో సరిపోల్చకూడదు. అయినా సామాన్ల జాబితా చూసినప్పుడల్లా ఆ జాడీ గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ఇక బుట్ట. పూర్ణా మార్కెట్‌లో ప్లాస్టిక్ సామాన్ల కొట్లో కొన్నాను, 60 రూపాయలు. కొట్టాయన మొదట బియ్యం కడిగే బుట్ట చూపించాడు, చిల్లులు మరీ సన్నం, జిగురు పడితే ఒక్క పూటలో మూసుకుపోతాయి. ఉల్లిపాయలు పోసుకునే బుట్టకేమో వేళ్ళు దూరేంత కంతలు, పాదం వాటిలోంచి జారుకుంటుంది. మధ్యరకం తీసుకున్నాను, చిటికెనవేలు కొన దూరని చిల్లులు. తెల్లది, వాసన లేనిది, తీగ పిడి లేనిది. వెడల్పు ఒక జానెడు. ‘ఏం వండుతారమ్మా’ అన్నట్టు ఆయన చూస్తుంటే, అదే కొట్లో దానికంటే కొంచెం చిన్నది ఇంకొకటి మూత కోసం తీసుకున్నాను. ఇంటికొచ్చాక సబ్బు తగలనివ్వకుండా ఆర్‌ఓ నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టాను.

దీనికి అరమార్కు తగ్గించింది ఎందుకంటే ఇది తేలుతుంది. ఈ రకం ప్లాస్టిక్ మామూలు నీళ్ళ మీదే తేలుతుంది, ఉప్పునీళ్ళలో ఇంకా హుషారు. లోపల బరువు వేయాల్సిందే. బరువు ఎలాగూ కావాలి కాబట్టి ఆ బరువునే ఎనిమోన్ ఇల్లుగా చేయాలి. మొత్తం కిటుకు ఇందులోనే ఉంది. మధ్యలో ఒక రాయి, దానికి బొటనవేలు పట్టేంత వెడల్పూ, అంతకంటే ఎక్కువ లోతూ ఉన్న కంత. చుట్టూ చిన్న రాళ్ళు ఒత్తుగా పేర్చాలి, అప్పుడు ఎటు దొర్లినా రాయే తగులుతుంది, ప్లాస్టిక్ తగలదు. నేను వాడింది అక్వేరియం వాళ్ళమ్మే సిరామిక్ రాయి. ఎవరైనా ‘సముద్రం రాయి’ అని పగడపు ముక్కలు చూపిస్తే ముట్టుకోకండి. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి.

కంత అంత ముఖ్యమా అని అనుమానం ఉన్నవాళ్ళు, విశాఖ చుట్టుపక్కల ఉంటే, పోటు దిగినప్పుడు రుషికొండ వైపో తెన్నేటి పార్కు కిందో రాళ్ళ గుంటలు చూసి రండి. అక్కడివి వేరే జాతులు, చిన్నవి. కానీ రాయి నున్నగా ఉన్నచోట వాటిని వెతుక్కోవాలి, పగులు ఉన్నచోట వరసగా కనిపిస్తాయి. అంతంత కెరటాలు కొడుతున్నా ఊడిపోవు. పాదం పగుల్లో దిగబడి ఉంటుంది, కదిలిస్తే మొత్తం లోపలికి లాక్కుంటుంది. చూడండి, ఊరికే ముట్టకండి, పట్టుకురాకండి.

బుట్టని ట్యాంకు ముందు వైపు, కెరటం నేరుగా తగలని చోట, ఇసక మీద దింపాను. ఎనిమోన్‌ని నీళ్ళలోంచి బయటికి ఎత్తకుండా కప్పుతోనే తెచ్చి, పాదం కంత వైపు ఉండేలా వదిలాను. చేతికి గ్లౌజు ఉండాలి, దాని దంశకణాలు (కుట్టే కణాలు) కొందరి చర్మానికి పడవు. నొక్కడం, పొడవడం ఏమీ లేదు. పంపులు ఓ అరగంట ఆపి, ఆ తర్వాత బాగా తగ్గించి వేశాను. చిన్న బుట్టని మూతగా బోర్లించాను. ఈ మూతని తక్కువ అంచనా వేయకండి. మా క్లౌన్ జంట మొదటి గంట నుంచే దాని మీద పడి ఒళ్ళు రుద్దుకోవాలని చూస్తున్నాయి. నిలదొక్కుకోని ఎనిమోన్‌కి ఆ ప్రేమ భరించరానిది, విసిగిపోయి మళ్ళీ కదులుతుంది. రొయ్యలూ, సన్యాసి పీతలూ కూడా కెలకడానికి వస్తాయి. మూత ఉంటే ఈ గొడవ ఉండదు. వెలుతురు కొంచెం తగ్గుతుంది, కొత్తగా వచ్చినదానికి కొన్నాళ్ళు అది మంచిదే.

రాత్రి మొత్తం గాలి తీసినట్టు ముడుచుకుపోయింది. మా వారు చూసి “పోయిందేమోనోయ్” అన్నారు. పోతే వాసనే చెప్తుంది, అదీ భరించలేని వాసన. నోరు వెలుపలికి తెరుచుకుని, ఒళ్ళు పీలికలుగా ఊడుతుంటే అప్పుడు వెంటనే తీసేయాలి, లేకపోతే ట్యాంకు మొత్తం పాడవుతుంది. ఊరికే ముడుచుకోవడం, మళ్ళీ ఉబ్బడం దాని ఊపిరి లాంటిది, లోపలి పాత నీళ్ళు వదిలి కొత్తవి నింపుకుంటుంది. మర్నాడు పొద్దున చూస్తే పాదం అంచు కంతలోకి దిగింది. ఆ తర్వాత తొందర లేకుండా మిగతాది కూడా లోపలికి లాక్కుంది. కాలేజీ నుంచి వచ్చేసరికి స్పర్శకాలు కంత మూతి చుట్టూ పరుచుకుని ఉన్నాయి, చివర్లు బుడగల్లా ఉబ్బి.

పట్టుకుందో లేదో తెలియాలంటే డ్రాపర్‌తో పక్కనుంచి మెల్లగా నీళ్ళు ఊదాలి. ఒళ్ళు ఊగి మొదలు కదలకపోతే పట్టు దొరికినట్టు. నేను ఇంకొన్ని రోజులు ఆగి, అప్పుడు మూత తీసి, రాయిని రాయిగా ఎత్తి రాళ్ళ గుట్టలో పెట్టాను. అక్రిలిక్ డబ్బాతో కుదరని పని ఇదే. ఇంకో సుగుణం కూడా ఉంది. ఒకవేళ పాదం బుట్టనే పట్టుకుందనుకోండి, కత్తెర తీసుకుని ఆ ముక్క కత్తిరించి, ముక్కతో సహా రాళ్ళ సందులో పెట్టేయొచ్చు. మెల్లగా అదే రాయి మీదకి పాకుతుంది. 60 రూపాయల బుట్టని కత్తిరించడానికి చెయ్యి వణకదు. 1,900 పెట్టి కొన్న డబ్బాని ఎవరు కోస్తారు?

సూపర్ గ్లూ రాయమనీ, రబ్బరు బ్యాండు వేయమనీ, దారంతో కట్టమనీ సలహాలిచ్చేవాళ్ళు తగులుతారు. జిగురు వదిలే ఒంటికి గ్లూ నిలవదు. దారమూ రబ్బరూ మెత్తటి ఒంటిని కోసేస్తాయి.

వేవ్‌మేకర్ జాలీ దగ్గరికొద్దాం. పంపు మూతి మీద తొడిగే ప్లాస్టిక్ పంజరం, 350 రూపాయలు. దాని లోపల పెద్ద కంతల స్పాంజి. బుట్ట లేకపోయినా ఏదో ఒక గిన్నెతో సర్దుకోవచ్చు, ఇది లేకుండా మాత్రం ఎనిమోన్ కొనకండి. రెక్కల్లో పడితే అదొక్కటే పోదు, తునకల్లోంచి వచ్చే విషం, కుళ్ళు ట్యాంకులో చేపల్ని కూడా తీసుకుపోతాయి. మన దగ్గర కరెంటు సంగతి ఇంకోటి. పంపు ఆగినప్పుడు ఎనిమోన్ నింపాదిగా పాకి వచ్చి దాని మీదే కూర్చోవచ్చు. కరెంటు వచ్చిన మరుక్షణం పని అయిపోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు, అప్పటి నుంచి మా ఇంట్లో ఇన్వర్టర్ లేని మాట లేదు. ఇప్పుడు ఒక వేవ్‌మేకర్ దాని మీదే నడుస్తోంది. జాలీతో ఉన్న చిక్కల్లా స్పాంజి చెత్త పట్టి కెరటం తగ్గిపోవడం. రెండు మూడు రోజులకోసారి పిండి కడగాలి. బద్ధకిస్తే పంపు వేడెక్కుతుంది. దానికి మార్కు తగ్గించను, అది జాలీ తప్పు కాదు.

బుట్ట ఏం చేయలేదో కూడా చెప్పాలి. ట్యాంకు పెట్టి కనీసం ఆరు నెలలన్నా కాకపోతే, లేదా చేపల జబ్బుకి అందులో ఎప్పుడైనా రాగి మందు వేసి ఉంటే, ఏ బుట్టా కాపాడదు. మే నెలలో నీళ్ళు 30 డిగ్రీలు దాటుతుంటే చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) పెట్టాలి, 25–26 దగ్గర ఉంచితే హాయిగా ఉంటుంది. లైటు చాలకపోతే పట్టుకున్నది కూడా మళ్ళీ బయల్దేరి గుట్ట పైకి ఎక్కుతుంది. మాది కూడా తర్వాత ఒక బెత్తెడు పైకి జరిగింది. అది దాని ఇష్టం, నేను కదపలేదు. తిండి కూడా పట్టు దొరికేదాకా పెట్టకండి, కక్కేసి నీళ్ళు పాడుచేస్తుంది. తర్వాత వారానికోసారి చింతగింజంత పచ్చి రొయ్య ముక్క చాలు.

కొనేవాళ్ళకి లెక్క: రెండు బుట్టలు కలిపి 105, జాలీ 350, కంత ఉన్న సిరామిక్ రాయి 400. మొత్తం 900 లోపే. డబ్బా ఒక్కటే 1,900, పైన డెలివరీ చార్జీ. డబ్బాని పారేయలేదు లెండి. అయస్కాంతాలు పీకేసి, మంచినీళ్ళ ట్యాంకులో గప్పీ పిల్లల్ని విడిగా ఉంచడానికి వాడుతున్నాను, ఆ పనికైతే ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు.